పొరపాటున అన్న ఆమెన్

జూన్ 8, ఆదివారం

ఇవాళ చర్చిలో నోరు జారాను. ఎవరినీ తిట్టలేదు, ఎవరి గుట్టూ బయటపెట్టలేదు. ఆమెన్ అన్నాను.

ప్రార్థన అంశాలు చెప్పుకునే సమయం అది. ఒకరి మోకాళ్ళు, ఒకరి కూతురి పరీక్షలు, ఒకరి అద్దె ఇంటి గొడవ అయ్యాయి. నా బుర్ర మాత్రం నేను పనిచేసే పళ్ళ సెట్ల ల్యాబ్‌లో ఉంది. నిన్న సాయంత్రం ఎవరిదో పై దవడ అచ్చుకి ప్లాస్టర్ పోసి వచ్చాను. ఫ్యాన్ వేసి వచ్చానా లేదా అని ఆలోచిస్తూ కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే ఎవరైనా భక్తి అనే అనుకుంటారు కాబట్టి సుఖం. ఈలోగా టీచరమ్మ లేచి ప్రార్థన మొదలుపెట్టింది. ఆవిడ గొంతు అసలే నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. నా కొడుకు మీద కేసు కొట్టేయించు ప్రభువా, వాడికి ఏ శిక్షా పడకుండా చూడు ప్రభువా అని అడిగిందట. నేను విన్నది చివరి మాట ఒక్కటే. అందరూ ఆమెన్ అన్నారు, నేనూ అన్నాను. నా గొంతు సంగతి తెలిసిందే. నువ్వు ఆమెన్ అంటే పైనున్న రేకులు అదురుతాయే అనేవారు అత్తగారు.

అందరి ఆమెన్‌లూ అయిపోయాక నాది ఒక్కటే హాల్లో మిగిలింది. ముందు వరుసల్లో వాళ్ళు తిరిగి చూశారు. కళ్ళు తెరిచేసరికి టీచరమ్మ బెంచీలు దాటుకుని వచ్చి నన్ను వాటేసుకుని ఏడుస్తోంది.

ఆ కొడుకు నడిపిన వ్యాన్‌లోనే అత్తగారు పోయారు. ఆ కేసులో వాడికి ఎదురు సాక్షిని నేను.

పాస్టరు గారు మైకు పట్టుకుని, మనందరి కళ్ళ ముందు దేవుడు చేసిన కార్యం ఇది అన్నారు. పక్కన ఈయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఇంటికి వచ్చేదాకా వదల్లేదు. పాతికేళ్ళ కాపురంలో ఇంత ప్రేమ చూసి చాలా కాలమైంది. నేను వినకుండా అన్నానండీ అని చెప్పడానికి మనసొప్పలేదు.

నాకు కోపం లేదు. వినకుండా అన్నాను, అంతే.

జూన్ 10, మంగళవారం

అచ్చు బాగానే ఆరింది. ఫ్యాన్ వేసే వచ్చాను.

చర్చి వాట్సాప్ గ్రూపులో పాస్టరు గారి భార్య గులాబీల బొమ్మ పెట్టి, "క్షమాపణ అంటే ఇదీ" అని కింద నా ఫొటో పెట్టింది. ఎప్పుడో పిక్నిక్‌లో తీసింది, నోరు తెరుచుకుని ఉన్నాను. దాని కింద అందరూ దణ్ణాలు పెడుతున్నారు. నేను పొరపాటున అన్నాను అని టైపు చేసి, చెరిపేసి, మళ్ళీ టైపు చేసి, మళ్ళీ చెరిపేశాను. చివరికి నేను కూడా ఒక దణ్ణం పెట్టి ఊరుకున్నాను.

జూన్ 13, శుక్రవారం

ప్రభుత్వ లాయరు ఫోన్ చేశారు. వచ్చే నెల పద్నాలుగున నన్ను పిలుస్తారట. అన్నీ ఒకసారి గుర్తు చేసుకుని ఉంచండి అన్నారు. గుర్తు చేసుకోవడం ఎందుకు, మర్చిపోతే కదా. అయినా రాస్తాను.

కిందటేడు ఒక రాత్రి, స్త్రీల సమాజం కూడిక అయిపోయి పక్క ఊరి నుంచి చర్చి వ్యాన్‌లో తిరిగి వస్తున్నాం. వాన పడుతోంది. అత్తగారికి వ్యాన్ పడదు, వాంతులవుతాయి. అందుకని ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చోబెట్టాం. నేను డ్రైవరు వెనకాలే కూర్చున్నాను. డ్రైవరంటే వేరే ఎవరో కాదు, టీచరమ్మ కొడుకు. చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడు కాబట్టి అందరికీ డ్రమ్ముల తమ్ముడే. కొడుకు నన్ను అక్కా అంటాడు, తల్లి చెల్లీ అంటుంది. చర్చిలో వరసలు అంతే.

వెనక అందరూ నిద్రపోతున్నారు. వాడి చేతిలో ఫోన్ వెలిగింది. వాడు కిందికి చూస్తున్నాడు, బొటనవేలు కదులుతోంది. ఫోన్ పక్కన పెట్టు తమ్ముడూ అన్నాను. "ఒక్క నిమిషం అక్కా" అన్నాడు. అత్తగారు వాడి వైపు తిరిగి ఏదో అనబోయారు. ఆవిడ ఏమనబోయారో నాకు తెలియదు. వ్యాన్ ఎడమ పక్క వెళ్ళి వంతెన గోడకి కొట్టుకుంది. ఎడమ పక్కే ఆవిడ ఉన్నది.

వాడు పోలీసులకి కుక్క అడ్డొచ్చిందని చెప్పాడు. నిద్ర లేచినవాళ్ళు వాడు చెప్పిందే విన్నారు కాబట్టి వాళ్ళకీ కుక్కే గుర్తుంది. ఒకావిడకైతే దాని రంగు కూడా గుర్తుంది. ఫోన్ నలిగి ముక్కలైంది, దాంట్లోంచి ఏమీ రాలేదు. ఇక మిగిలింది నా నోరు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడే పోలీసులకి ఫోన్ సంగతి చెప్పాను. కుక్క లేదు.

జూన్ 15, ఆదివారం

ప్రసంగం నా మీదే. పేరు చెప్పలేదు కానీ ఒక సహోదరి అన్నప్పుడల్లా అందరూ నన్నే చూశారు. పెళ్ళిలో కూడా నన్ను ఇంతమంది చూడలేదు. దేవుడు మన పాపాలు ఇక జ్ఞాపకం చేసుకోడని, మనమూ జ్ఞాపకం చేసుకోకూడదని పాస్టరు గారు చెప్పారు. జ్ఞాపకం చేసుకోకూడదు అన్న మాట దగ్గర నా వైపు చూసి కాస్త ఆగారు.

అయిపోయాక గుమ్మం దగ్గర ఆపి, వచ్చే నెల మీరు సాక్ష్యం చెప్పాలమ్మా అన్నారు. చెప్తానండీ, పద్నాలుగున పిలిచారు అన్నాను. పద్నాలుగు సోమవారం కదమ్మా అన్నారు. కోర్టుకి ఆదివారం సెలవండీ అన్నాను. ఆయన చర్చిలో చెప్పే సాక్ష్యం సంగతి మాట్లాడుతున్నారు. నేనూ అర్థం కాక అనలేదు. ఈయన మోచేత్తో పొడిచారు.

రెండూ ఒకటే మాట ఎందుకయిందో. చర్చిలో నిలబడి దేవుడు నాకేం చేశాడో చెబితే సాక్ష్యం, కోర్టులో బోనెక్కి మనిషి ఏం చేశాడో చెబితే సాక్ష్యం. మొదటిదానికి చప్పట్లు కొడతారు.

జూన్ 17, మంగళవారం

నాకు కోపం లేదు.

జూన్ 19, గురువారం

అల్మారా సర్దుతుంటే అత్తగారి పళ్ల సెట్టు కనబడింది. ఆసుపత్రి వాళ్ళు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది అలాగే ఉంది. నేను చేసిన సెట్టే. మా ల్యాబ్ ఓనరు డాక్టరు గారు సొంతవాళ్ళకి చేయొద్దు, మాట పడతావు అన్నారు. విన్నానా? ఊరంతటికీ పళ్ళు చేస్తూ ఇంట్లో ఆవిడకి బయట చేయిస్తే బాగోదని నేనే చేశాను. అన్నట్టే మాట పడ్డాను. కింది సెట్టు ఊగుతోందే అని ఆవిడ ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఎన్నిసార్లు మైనం పెట్టి సరిచేసినా ఊగుతోందే అనేవారు. పాటలు పాడేటప్పుడు అది టకటకలాడేది. కావాలనే టకటకలాడించేవారని నా అనుమానం.

ఆవిడకి నేను నచ్చడానికి పదేళ్ళు పట్టింది. నాకు ఆవిడ నచ్చడానికి ఇంకో రెండేళ్ళు ఎక్కువ పట్టింది. ఆ తర్వాత మాత్రం మా ఇద్దరి మధ్య ఈయన కూడా దూరలేకపోయారు.

నాకు ఆవిడ కావాలి. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

జూన్ 22, ఆదివారం

స్త్రీల సమాజంలో ఒకావిడ నన్ను పక్కకి తీసుకెళ్ళి, పెద్దావిడే కదమ్మా, ఇవాళ కాకపోతే రేపు వెళ్ళాల్సిన మనిషే, వాడికి బోలెడు జీవితం ఉంది అంది. తల ఊపాను. ఇంటికి వచ్చాక ఒళ్ళు మండింది. ఇవాళ కాకపోతే రేపు అనడానికి ఆ రేపు ఎవరిది? ఆ రేపులో ఆవిడకి పనులున్నాయి. ఆవిడ నా మీద సాధించాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

ఇంకో తమాషా ఏమిటంటే, వాడికి ఆ డ్రమ్ములు ఇప్పించింది అత్తగారే. చర్చిలో ఆ గోల ఏమిటని సంఘ పెద్దలందరూ కాదంటే, పిల్లలు చప్పుడు చేస్తూ చర్చిలో ఉండటం మేలా, నిశ్శబ్దంగా బయట ఉండటం మేలా అని అందరితో పోట్లాడారు. వాడు ఆవిడని మామ్మా అని పిలిచేవాడు. ఆవిడ డ్రైవరు పక్క సీట్లో కూర్చోవడానికి ఒప్పుకున్నది వాడు నడుపుతున్నాడనే. ఇవన్నీ నాకు తెలియవనా వీళ్ళు నాకు చెబుతున్నారు?

జూన్ 25, బుధవారం

టీచరమ్మ ల్యాబ్‌కి వచ్చింది. చేతుల నిండా చిగుళ్ళు చేసే గులాబీ రంగు పొడి, మూతికి మాస్కు ఉన్నాయి నాకు. ముందు గుర్తుపట్టలేదు. కొరియర్ వాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. బల్ల మీద వరసగా దవడలున్నాయి, ఆవిడ వాటిని చూడకుండా ఉండటానికి నానా తిప్పలు పడింది.

నా ఆమెన్ విన్నాకే నిద్రపట్టిందంది. తర్వాత అసలు విషయానికి వచ్చింది. అబద్ధం చెప్పమని అడగడం లేదట. సరిగ్గా గుర్తులేదు అంటే చాలట. వాన, చీకటి, వెనక సీటు, ఎవరికైనా సరిగ్గా కనబడదు కదా అంది.

"చెల్లీ, నాకున్నది వాడొక్కడే," అంది. "నువ్వు కనికరిస్తే వాడు బతుకుతాడు."

మంచినీళ్ళు ఇచ్చాను. కాదనలేదు, సరేననలేదు, నీళ్లు నమిలాను. ఆవిడ వెళ్ళాక చేస్తున్న సెట్టు పాడైంది. పైవరస పళ్ళు ఒకటి అటు ఒకటి ఇటు తిరిగాయి. తీసేసి మళ్ళీ పేర్చాను.

ఆవిడ మీద జాలేసింది. అది నిజం. జాలేసిందని గుర్తులేదు అనొచ్చా?

జూన్ 29, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు గారి గదికి వెళ్ళాను. అది గదంటే గది, సగం పాడైన కుర్చీలూ సగం పాటల పుస్తకాలూ. నేను వినకుండా ఆమెన్ అన్నానని చెప్పేశాను. ఆయన మొహం చూస్తే జాలేసింది. రెండు వారాల ప్రసంగం దాని మీద కట్టుకున్నారు పాపం.

సరేనమ్మా, వినకుండా అన్నారు, ఇప్పుడు విని అనొచ్చు కదా అన్నారు. దేవుడు న్యాయవంతుడే, కానీ ఆ న్యాయం మన మీద పెడితే మనలో ఒక్కరమైనా మిగులుతామా అన్నారు. మిగలమని ఒప్పుకున్నాను. అందుకే కనికరం అన్నారు. అదీ ఒప్పుకున్నాను. సిలువ దగ్గర ఆ రెండూ కలిశాయి అన్నారు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. కానీ ఇవాళ విన్నప్పుడు ఏదో అడ్డుపడింది.

"సిలువ దగ్గర ఎవరూ ఏమీ జరగనట్టు నటించలేదు కదండీ అయ్యగారూ," అన్నాను. "చేసింది చేశారనే కదా ఆయన అంత పడ్డాడు. కుక్క అడ్డొచ్చిందంటే ఇక సిలువ దేనికి?"

ఆయన, కుక్క లేదని మీకు ఖచ్చితంగా తెలుసా అమ్మా అని అడిగారు. ఇన్నాళ్ళలో నన్ను ఈ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. తెలుసండీ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మీరు ఏం చూశారో అది చెప్పండి, మిగతావాళ్ళని నేను చూసుకుంటాను అన్నారు. చూసుకోలేరని ఇద్దరికీ తెలుసు.

జూలై 2, బుధవారం

ఈయనతో గొడవ.

ఈయనది లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. ఎక్కడ జనం ఇరుక్కుపోయినా వెళ్ళి విడిపించాలి. అదే అలవాటు ఇంట్లో కూడా. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా వెంటనే తలుపు తీసేయాలి ఆయనకి. తల్లిని సమాధి చేసిన రోజే, అక్కడే, అందరి ముందూ టీచరమ్మ చేతులు పట్టుకుని మేం క్షమించామమ్మా అన్నారు. మేం అట. నన్ను అడగలేదు. నా కాలికి అప్పుడు కట్టు ఉంది, కుర్చీలో కూర్చుని ఉన్నాను.

ఇవాళ మళ్ళీ మొదలుపెట్టారు. నీకు సరిగ్గా కనబడి ఉండదు, నువ్వు పొరబడి ఉంటావు, ఆ రోజు కళ్ళద్దాలు పెట్టుకున్నావా అని. దవడలో పన్ను వెంట్రుకవాసి పక్కకి ఉంటే కనిపెట్టేదాన్ని, ఎదుట వెలిగిన ఫోన్ కనబడదా అన్నాను. పోయింది మా అమ్మ, క్షమించాల్సింది నేను అన్నారు. ఆవిడ చివరి పన్నెండేళ్ళు ఎవరితో పోట్లాడారో, ఎవరి చేతి టీ తాగారో అడగండి అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయను.

ఆయన అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవరు. మంచం అంచున కూర్చుని, చేతులు చూసుకుంటూ అన్నారు:

"కుక్కైతే నాకు సులువే. అమ్మ ప్రమాదంలో పోయింది, అంతే. నువ్వు చెప్పేదే నిజమైతే మా అమ్మని ఒకడు చంపాడు. అప్పుడు నేనేం చెయ్యాలి? నాకు కోపం తెచ్చుకోవడం రాదు."

నేను పక్కన కూర్చున్నాను. ఆయన క్షమించానన్నది కుక్కనని అప్పుడు అర్థమైంది.

జూలై 3, గురువారం

నాకు కోపం ఉంది. చాలా ఉంది. ఆవిడ బదులు వాడు వంతెన గోడకి కొట్టుకున్నా బాగుండేదని కూడా ఒకసారి అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

జూలై 14, సోమవారం

సాక్ష్యం చెప్పాను.

ఈయన వస్తానన్నారు, గేటు దగ్గర ఫోన్ మోగింది, ఏదో ఆసుపత్రి లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారట. వెళ్ళిపోయారు. వెళ్ళడానికి కారణం దొరికిందని సంతోషించారని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

హాల్లో చర్చివాళ్ళు రెండు బెంచీల నిండా ఉన్నారు. టీచరమ్మ ముందు వరసలో ఉంది. వాడు గోడ వైపు నిలబడి ఉన్నాడు, గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని. ఆ చొక్కా డ్రమ్ములు వాయించేటప్పుడు వేసుకునేదే.

ప్రభుత్వ లాయరు అడిగిందంతా చెప్పాను. వాన, ముందు సీటు, ఫోన్. మీరేమన్నారు, అతనేమన్నాడు అని అడిగారు. ఒక్క నిమిషం అక్కా అన్నాడండీ అని చెప్పాను. అది చెప్పేటప్పుడు నాకు తెలియకుండానే నా గొంతులోకి వాడి యాస వచ్చేసింది. వాడు అప్పటిదాకా కిందికి చూస్తున్నవాడు తల ఎత్తాడు.

తర్వాత వాడి తరఫు లాయరు లేచారు. జూన్ నెలలో చర్చిలో ఈ కేసు కొట్టేయాలన్న ప్రార్థనకి మీరు గట్టిగా ఆమెన్ అన్నారా అని అడిగారు. అన్నానండి అన్నాను. అంటే ఇతని తప్పు లేదని మీకూ తెలుసన్నమాట అన్నారు. కాదండి, ప్రార్థన అయ్యాక ఆమెన్ అంటాం, ఒక్కోసారి వినకుండా కూడా అంటాం అన్నాను. వెనక ఎవరో నవ్వి దగ్గులోకి మార్చుకున్నారు. జడ్జి గారు కూడా కాగితాల్లోకి చూసుకున్నారు. మరి విని ఉంటే అనేవారు కాదా అని అడిగారు లాయరు. ఇది నేను అనుకోని ప్రశ్న.

"శిక్ష తగ్గించమని అడిగుంటే అనేదాన్నేమోనండి," అన్నాను. "తప్పే లేదని అడిగుంటే అనేదాన్ని కాదు."

జడ్జి గారు ఆ మాట రాయించారు. టీచరమ్మ నా వైపు చూడలేదు. బస్సులో ఇంటికి వచ్చాను.

జూలై 15, మంగళవారం

గ్రూపులో నా ఫొటో తీసేశారు.

జూలై 30, బుధవారం

రెండేళ్ళు వేశారు.

ప్రభుత్వ లాయరు ఫోన్ చేసి, సంతోషమేనా అమ్మా అన్నారు. సంతోషమేనండీ అన్నాను, మర్యాదకి. న్యాయం జరిగితే గుండెల మీద బరువు దిగుతుందని ఎవరో అనగా విన్నాను. నాకేమీ దిగలేదు. అయితే కిందపడి దొర్లుతున్నదేదో ఒక చోట నిలబడినట్టు మాత్రం ఉంది. అత్తగారు ప్రమాదంలో పోలేదని, ఒకడి అజాగ్రత్త వల్ల పోయారని ఇప్పుడు ప్రభుత్వం కాగితం మీద ఉంది. ఆవిడ ప్రాణానికి ఒక విలువ ఉందని ఎవరో ఒప్పుకున్నట్టయింది. అన్నం తిన్నాను. చాలా రోజుల తర్వాత బాగా ఆకలి వేసింది.

ఈయనకి చెప్పాను. రెండేళ్ళా అని మాత్రం అన్నారు. జైలుకి వెళ్ళేది సొంత కొడుకే అన్నట్టు ఉంది మొహం.

ఆగస్టు 3, ఆదివారం

డ్రమ్ముల మీద దుప్పటి కప్పారు. పాటలు చప్పగా ఉన్నాయి.

నాతో మాట్లాడేవాళ్ళు తక్కువ, అది అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటి ఉంది. ప్రార్థన అంశాల సమయంలో వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. కేసు నడిచినన్నాళ్ళూ కనికరం కనికరం అని గొంతు చించుకున్నవాళ్ళే. జైలు అనేసరికి ఆ మాట చర్చిలో ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉన్నారు. టీచరమ్మ వెనక బెంచీ మీద ఒక్కతీ కూర్చుంది. పక్కన ఖాళీ ఉంది, నేనూ వెళ్ళలేదు.

ఆగస్టు 12, మంగళవారం

పాస్టరు గారు ఫోన్ చేశారు. జైలుకి వెళ్ళి వాడిని చూసి వచ్చారట. తల్లి కాక ఎవరైనా వచ్చారా అంటే, అందరూ నీకోసం ప్రార్థిస్తున్నారని వాడితో చెప్పానమ్మా అన్నారు. ఎవరూ రాలేదని దానర్థం.

మధ్యాహ్నమంతా మైనం కరిగిస్తూ దీని గురించే ఆలోచించాను. కుక్కని నమ్మినవాళ్ళు వాడి దగ్గరికి వెళ్ళలేరు. వెళితే ఏమంటారు, కుక్క ఎలా ఉంది అంటారా? వాడు చేసింది చూసినదాన్ని నేనొక్కదాన్నే. దేవుడూ చూశాడు. చూసి కూడా వచ్చాడనే కదా మా నమ్మకమంతా. ఏమీ చూడకుండా వచ్చి ఉంటే దాన్ని కనికరం అనం, చుట్టపుచూపు అంటాం. చూసినవాడు చూడలేదని చెప్పి వచ్చినా అంతే.

ఇది బాగానే ఉంది కాగితం మీద. నాకైతే వెళ్ళాలని లేదు. వాడి మొహం చూడాలంటే ఒళ్ళు జలదరిస్తోంది.

ఆగస్టు 23, శనివారం

వెళ్ళాను.

ఈయన బండి మీద తీసుకెళ్ళారు. లోపలికి మాత్రం రానన్నారు. గేటు పక్కన రేకుల షెడ్డు కింద బండి ఆపుకుని, నువ్వెళ్ళిరా, నేనిక్కడే ఉంటాను అన్నారు. లోపల పొడుగాటి గది, మధ్యలో రెండు వరసల ఇనుప వల, ఇటు పదిమంది, అటు పదిమంది, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. వాడు వచ్చాడు. చిక్కిపోయాడు, జుట్టు కత్తిరించేశారు. వాళ్ళమ్మ అనుకుని వచ్చినట్టున్నాడు, నన్ను చూసి ఆగిపోయాడు. పక్కన ఒకావిడ తన మొగుడికి ఇంటి గోడ కూలిన సంగతి చెబుతోంది, ఇద్దరం అది విన్నాం.

"కుక్క లేదక్కా," అన్నాడు.

తెలుసు అన్నాను. ఆ రాత్రి ఫోన్‌లో ఎవరో జోకు పంపారట. దానికి నవ్వు బొమ్మ పెడుతున్నాడట. పెట్టాడో లేదో కూడా గుర్తులేదట. మామ్మ తన వైపు తిరిగి, ముందు చూడరా అన్నారట, అదే ఆఖరి మాటట. ఇన్నాళ్ళూ ఆవిడ ఏమనబోయారో నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. రెండు చేతులతో వల పట్టుకున్నాను. వాడు ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు, వాడిని కొట్టాలనిపించింది, అడ్డం వల ఉంది కాబట్టి సరిపోయింది.

"నిన్ను నేనింకా క్షమించలేదు," అన్నాను. "వచ్చే నెల మళ్ళీ వస్తాను."

క్షమించకపోతే ఎందుకొస్తున్నావక్కా అని అడిగాడు. నిజంగా తెలియకే అడిగాడు. ఏం చేశావో తెలిసినదాన్ని నేనే కదరా, ఇంకెవరొస్తారు అన్నాను. సబ్బు కావాలన్నాడు, ఇక్కడి సబ్బుతో ఒళ్ళంతా దద్దుర్లు వస్తున్నాయట. సరేనన్నాను. గంట కొట్టారు.

బయటికి వచ్చి ఈయనకి అంతా చెప్పాను. దాచలేదు. నవ్వు బొమ్మ సంగతి, ముందు చూడరా అన్న సంగతి. ఆయన హెల్మెట్ చేత్తో పట్టుకుని విన్నారు. ముందు చూడరా అన్నదా అని రెండుసార్లు అడిగారు. తర్వాత ఉన్నట్టుండి బండిని కాలితో తన్నారు. అది పక్కకి పడింది, అద్దం పగిలింది. మళ్ళీ తన్నారు. కాపలా అతను కేకలేశాడు. ఈయన అతన్ని పట్టించుకోలేదు. మా అమ్మని చంపాడే, బొమ్మ పెట్టుకుంటూ చంపాడే అంటూ అరిచారు. పెళ్ళయ్యాక ఈయన అరవడం వినడం ఇదే మొదటిసారి. నేను ఆపలేదు. కాసేపటికి ఆయనే షెడ్డు స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్నారు. ముక్కు, కళ్ళు, గడ్డం అన్నీ తడి. నా కొంగు ఇచ్చాను.

దాంతో మొహం తుడుచుకుని మాట్లాడారు.

"క్షమించామని ఆ రోజు వాళ్ళమ్మతో అన్నాను కదా, అది చెల్లదు," అన్నారు. "వచ్చేసారి నేనూ లోపలికొస్తాను. వాడి ఎదుటే ఆ మాట వెనక్కి తీసుకుంటాను."

తీసుకుని ఏం చేస్తారు అని అడిగాను. భయమేసి అడిగాను.

"మొదటినుంచి మొదలుపెడతాను," అన్నారు. "ఈసారి ఏం జరిగిందో తెలిసి."

బండి లేపి, గాజు ముక్కలు కాలితో పక్కకి నెట్టి, ఇద్దరం మళ్ళీ పేర్లు రాసుకునే కిటికీ దగ్గరికి వెళ్ళాం. వచ్చే నెలకి ఇద్దరి పేర్లూ రాయించాం. ఖైదీకి మీరేమవుతారు అని గుమాస్తా అడిగాడు. ఈయన కొంచెం ఆలోచించి, చనిపోయినావిడ కొడుకునని రాయండి అన్నారు.